గంధరాజానికి పులుపు కావాలి

ఫిబ్రవరి 2, ఆదివారం

నీ తలలో ఏముంది?

ఇవాళ్టి ప్రసంగం ఈ ప్రశ్నతో మొదలుపెట్టాను. మైకు ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేతి వేలు చూపిస్తూ మూడుసార్లు అడిగాను. సంఘంలో ఇరవై తొమ్మిది మంది ఆడవాళ్లు. ఇరవై తొమ్మిది చేతులూ ఒకేసారి కొంగు సర్దుకున్నాయి. దెబ్బ తగలాల్సిన చోట తగిలింది.

అలంకారం లోపలి మనిషికి ఉండాలి గాని జడకు కాదని వాక్యం తీసి చదివాను. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆత్మ ప్రేరేపించింది.

"కొందరు తలలో పెట్టుకోరు. పాటల పుస్తకంలో పెట్టుకుంటారు" అన్నాను.

పేరు చెప్పలేదు. నేను పేరు చెప్పలేదని దేవుడికి తెలుసు. అయినా మొదటి వరసలో కూర్చున్న విజయమ్మ లేచి, చాప మడిచి గోడకు ఆనించి, పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. నా భార్యే అలా లేచిపోతే మిగతావాళ్లకు ఎవరి గురించో చెప్పనక్కరలేదు కదా. తిరుపతమ్మ మాత్రం గట్టిగా "ఆమేన్" అంది. విశ్వాసంలో ఆమెను మించినవాళ్లు లేరు.

జరిగింది ఇది. కూడికల కోసం పోయిన వారం మందిరానికి నేనే సున్నం కొట్టాను. బల్ల మీది పుస్తకాలు తీసి పక్కన పెడుతుంటే విజయమ్మ పాటల పుస్తకంలోంచి పువ్వు రాలింది. ఎండిన గంధరాజం. రంగు చింతపండులా అయింది గాని వాసన పోలేదు. మా ఇంటి వెనక, గిన్నెలు తోమే జాలారు పక్కన ఆమె పెంచుతున్న చెట్టు పువ్వే. బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి, ఇరవై రెండేళ్లుగా తలలో పువ్వు పెట్టని మనిషి.

బకెట్లో మిగిలిన సున్నం ఆ చెట్టు మొదట్లో పోశాను. చీమలు పట్టకుండా.

ఫిబ్రవరి 4, మంగళవారం

విజయమ్మ బిజినేపల్లికి, బిడ్డ మానస ఇంటికి బయలుదేరింది. సంచిలో నాలుగు చీరలు, పాటల పుస్తకం.

"ఎన్ని రోజులు?" అని అడిగాను.

"చెట్టు పూసినరోజు ఫోన్ చెయ్యి. వస్త."

"అది ఎప్పుడు పూస్తదో నాకేం ఎరుక?"

"నాకు గూడ తెల్వదు. నువ్వు పోసిన మందుకు ఎప్పుడు కోలుకుంటదో, అసలు కోలుకుంటదో లేదో."

"మందేంది?"

"పువ్వు మీద కోపమొస్తె నన్నడగాలె, మానస నాయిన. చెట్టునెందుకు అడుగుతివి?"

ఏమందో అర్థం కాలేదు. కోపంలో ఉన్నవాళ్లు అర్థం లేని మాటలే అంటారు.

ఫిబ్రవరి 5

అన్నం మాడింది. ప్రభువు నలభై దినాలు ఏమీ తినకుండా ఉన్నాడు. నేను పదకొండింటి దాకా ఆగలేకపోయాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్న ఖిల్లా ఘణపూర్ సంతలో ప్రకటన చేశాను. ఎప్పటి ప్రసంగమే. బయట తెల్లగా, లోపల కుళ్లు. సున్నం కొట్టిన సమాధులు. ఈ ప్రసంగం నాకు బాగా కుదురుతుంది. పూణెలో కాలువలు తవ్వేటప్పుడు గుడిసెలో దీపం పెట్టుకుని నేను కూడబలుక్కుని చదువు నేర్చుకున్నది ఆ పేజీల మీదే. సంతలో నన్ను సున్నమయ్య అంటారని తెలుసు. ప్రవక్తలకు పేర్లు పెట్టడం కొత్త కాదు.

ఇంటికొచ్చి చూస్తే గంధరాజం ఆకులు పసుపు పచ్చగా అవుతున్నాయి. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్య మధ్యలో పాలిపోయింది. కామెర్ల మనిషిలా ఉంది.

పండ్లు కాయని అంజూరపు చెట్టుకు తోటమాలి ఇంకొక్క ఏడాది గడువు అడిగాడు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను అన్నాడు. వాక్యంలోనే పద్ధతి ఉండగా ఎవరినో అడగడం దేనికి? పలుగు తీసుకుని చుట్టూ జానెడు లోతు తవ్వాను. తెల్లటి వేళ్లు చాలా తెగాయి. పచ్చి పేడ తట్టెడు వేశాను. బోరు నీళ్లు రెండు బకెట్లు పోశాను.

ఫిబ్రవరి 22

ఆకులు రాలుతున్నాయి. అది అంజూరపు చెట్టు కాదు కదా.

ఫిబ్రవరి 24, సోమవారం

వనపర్తిలో ఊరి బయట నర్సరీ పెట్టుకున్న శ్రవణ్ కుమార్ దగ్గరికి వెళ్లాను. పాతికేళ్లు ఉంటాయేమో, చెవిలో ఎప్పుడూ ఫోను తీగ. చూపించడానికి ఒక ఆకు తుంచి గ్రంథంలో పెట్టుకుని వెళ్లాను. గ్రంథం తెరిచేసరికి ఆకుతోపాటు ఎండిన పువ్వు కూడా బల్ల మీద పడింది.

"పువ్వు గూడ తెచ్చినవా కాక?" అన్నాడు.

ఆ పువ్వు నా గ్రంథంలోకి ఎలా వచ్చిందో ఇక్కడ రాయవలసిన అవసరం లేదు. చప్పున లోపల పెట్టేశాను.

శ్రవణ్ ఆకును వెలుగుకు పెట్టి చూశాడు. "గంధరాజానికి పులుపు గావాలె కాక. నేల పుల్లగుండాలె, తడిగుండాలె, నీళ్లు నిలవొద్దు. పులుపు లేకుంటె మట్టిల ఇనుమున్నా తిననీకె రాదు దానికి. గందుకే గిట్ల పాలిపోతది."

"పులుపంటె?"

"పులుపంటె పులుపే" అంటూ ఫోను మోగితే అవతలికి వెళ్లిపోయాడు. బేరం పెద్దది కాబోలు, ఎంతకీ రాలేదు. నేను విన్నంత వరకు చాలనుకుని వచ్చేశాను.

నెల తప్పిన ఆడమనిషిలా చెట్టు పులుపు అడుగుతోంది. సృష్టిలో ఎన్ని వింతలు.

మార్చి 5, బుధవారం

ఈస్టరుకు ముందరి నలభై శ్రమల దినాలు మొదలు. వారం రోజులుగా చెట్టుకు పూటకో చెంబు పుల్ల మజ్జిగ పోస్తున్నాను. ఇంట్లో పాడి లేదు. కాబట్టి మజ్జిగ అడుక్కోవలసి వస్తోంది.

ఇవాళ తిరుపతమ్మ వాకిట్లో నిలబడి అడిగేసింది.

"అయ్యగారు, ఒక్క పాణానికి రోజు రెండు చెంబుల మజ్జిగెందుకు? మొన్న మా ఇంట్ల అడిగిండ్రు, నిన్న పక్కింట్ల అడిగిండ్రంట."

పువ్వుల చెట్టుకని చెప్పాలా? నీ తలలో ఏముంది అని అడిగిన నోటితో?

"ఉపవాసమమ్మా" అన్నాను. "ఈ నలభై దినాలు అన్నం ముట్టను. మజ్జిగ మీదే."

అబద్ధం కాదు. ఉపవాసం ఉండాలని నాకు మనసులో ఉంది.

తిరుపతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పుల్ల మజ్జిగనే ఎందుకయ్యగారు?"

"ప్రభువుకు సిలువ మీద పుల్లటి రసమే ఇచ్చారు" అన్నాను. నోరు తనంతట తానే పలికింది. ఈ వరం నాకు మొదటినుంచీ ఉంది.

మార్చి 9, ఆదివారం

సంఘమంతా మజ్జిగ ఉపవాసం పట్టింది.

తిరుపతమ్మ సాక్ష్యం చెప్పిందట. పద్నాలుగు ఇళ్లలో పొయ్యి ఒక్క పూటే వెలుగుతోంది. పక్క ఊరి సంఘం వాళ్లు కూడా మనిషిని పంపి అడిగించారు, మజ్జిగ ఎన్ని రోజులు పులియాలి, ఉప్పు వేయవచ్చా అని. ఉప్పు వద్దన్నాను. చెట్టును దృష్టిలో పెట్టుకుని అన్నాను గాని అదీ సిద్ధాంతమైంది.

ఇప్పుడు ఊళ్లో ఎవరింట్లోనూ చెంబెడు మజ్జిగ దొరకడం లేదు. అందరూ వాళ్లే తాగుతున్నారు.

నేను కూడా నిజంగానే మజ్జిగ మీద ఉండవలసి వస్తోంది. ఏ పూట ఎవరు తలుపు తోస్తారో తెలియదు.

మార్చి 13

చెట్టు మొదలు కంపు కొడుతోంది. పిల్లి వచ్చి నాకుతోంది. ఆకులు ఇంకా పసుపే.

మార్చి 20, గురువారం

మొక్కలు దించడానికి పెద్దమందడి వచ్చిన శ్రవణ్‌ను బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. చెట్టు దగ్గరికి వస్తూనే ముక్కు మూసుకున్నాడు.

"మజ్జిగ ఎవరు పొయ్యమన్నరు కాక?"

"నువ్వే అంటివి గద, పులుపని."

"నేను మట్టి మాట చెప్తి. నువ్వు పెరుగన్నం వెడితివి." అరగంటసేపు నవ్వుతాడేమో అనుకున్నాను. మంచివాడు, మూడు నిమిషాల్లో ఆపేశాడు.

తర్వాత గొప్ప పని చేశాడు. మొదట్లో మట్టి పిడికెడు తీసి, గ్లాసులో తన వెంట తెచ్చుకున్న నర్సరీ నీళ్లు పోసి కలిపి, జేబులోంచి కాగితం ముక్క తీసి ముంచాడు. ఎర్రబడితే పులుపట. నీలమైతే సున్నమట. తీర్పు కోసం నిలబడ్డవాడిలా చూశాను. కాగితం నీలమైంది. మామూలు నీలం కాదు, బట్టలకు పెట్టే నీలిమందులా అయింది.

శ్రవణ్ పుల్లతో గెలికాడు. జానెడు లోతులో తెల్లటి పెల్లలు బయటపడ్డాయి.

"ఇదేంది కాక, గింత సున్నం ఎవరు పోసిండ్రు?"

"తెల్వదు" అన్నాను.

"పగవాళ్ల పని లెక్కుంది."

"ఉండవచ్చు. సువార్త చెప్పేవాళ్లకు శత్రువులు ఉంటారు."

తెల్వదన్నాను. ఇక్కడ కూడా అదే రాస్తున్నాను. చీమల కోసం పోసింది కొంచెమే. అంత పెల్లలు కట్టేంత కాదు.

మార్చి 22, శనివారం

శ్రవణ్ చెప్పినట్టే అంతా చేశాను. చెట్టును వేళ్ల దగ్గరి మట్టి గడ్డతో సహా లేపి, సున్నం పెల్లలు ఏరి, సగానికి కోసిన నీలం డ్రమ్ములో పెట్టాను. అడుగున కన్నాలు, కన్నాల మీద పెంకులు. ఎర్రమట్టి, కుళ్లిన ఆకుల మట్టి, కొబ్బరిపీచు పొడి, మాగిన పెంట. పైన ఎండుటాకులు పరిచాను. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం గోడ నీడ పడేచోట ఉంచాను.

"బోరు నీళ్లు మాత్రం చుక్క పొయ్యకు కాక. మన బోర్లల్లనే సున్నముంటది. మీ చాయ్ గిన్నె అడుగు చూసుకో, తెల్లగ గార కట్టలే? వానొచ్చేదాక ఏసీ నీళ్లు పొయ్యి."

"ఏసీ ఎవరికుంది?"

"బ్యాంకోళ్లకుంటది."

ఏప్రిల్ 3

వారానికి రెండుసార్లు వనపర్తి వెళ్లి బ్యాంకు వెనక సందులో, ఏసీ పైపు కింద డబ్బా పెట్టుకుని కూర్చుంటున్నాను. చుక్క, చుక్క, చుక్క. నా జీవితంలో ఇంత నిశ్శబ్దంగా ఎక్కడా కూర్చోలేదు.

ఇవాళ వాచ్‌మన్ వెంకటన్న పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్ పెద్దాయనా ఈడ?"

జేబులోంచి కరపత్రం తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి డబ్బా ఎందుకు?"

"చెట్టుకు" అన్నాను. రెండు నెలల్లో నేను ఒక మనిషికి చెప్పిన మొదటి నిజం అదే అనుకుంటాను. వెంకటన్న లోపలికి వెళ్లి ఇంకో డబ్బా తెచ్చి రెండో పైపు కింద పెట్టాడు.

ఏప్రిల్ 20, ఆదివారం

పునరుత్థాన పండుగ. ఉపవాసం విడిచారు. సంఘం మొత్తం బక్కచిక్కి, మొహాలు మాత్రం వెలుగుతున్నాయి. తిరుపతమ్మకు షుగర్ తగ్గిందట. సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

విజయమ్మ రాలేదు. మానస ఫోన్ చేసింది.

"నాయినా, ఏం తింటున్నవ్?"

"మజ్జిగ. మీ అమ్మ ఏమంటుంది?"

"ఏమంటది. పొద్దుందాక నా కుట్టుమిషన్ కాడ కూసుని గుండీలు కుడుతుంది. నీ చెట్టు సంగతి చెప్పిన, పులుపు మట్టి ఏసిండంట అని. నవ్వింది."

"ఎందుకు?"

"అమ్మ రోజు చింతపండు పిసికిన పిప్పి, పులిసిన బియ్యం కడుగు దానికే ఏసేది గద. బోరు నీళ్లు పోస్తె ఊకునేది గాదు. ఇరవై ఏండ్ల సంది చేస్తుండె. నీకు ఎరుకనె లేదా?"

రోజూ ఆ దారినే మందిరానికి వెళ్తాను. చంకలో గ్రంథం, నోట్లో వాక్యం. ఎరుక లేదు.

మే 8

కొమ్మ చివర రెండు కొత్త ఆకులు. పచ్చగా, నూనె రాసినట్టు ఉన్నాయి.

మే 9

నాలుగు.

మే 25, ఆదివారం

దీన్ని రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తాను.

శుక్రవారం వనపర్తి పూల బజారులో గంధరాజం పువ్వు కనిపించింది. కొన్నాను. ఎవరైనా చూస్తారని లుంగీ మడతలో దాచుకుని తెచ్చాను. చెట్టుకు దారంతో కట్టి, ఫోటో తీసి, మానస ఫోనుకు పంపాను. "దేవుని కృప" అని కింద రాశాను.

అబద్ధం ఎక్కడుంది? చెట్టు ఉంది. పువ్వు ఉంది. దేవుని కృప ఎప్పుడూ ఉంటుంది.

గంటలో ఫోన్ వచ్చింది. మానస గొంతుతోనే, కానీ వెనక నుంచి విజయమ్మ ఒక్కొక్క మాట అందిస్తున్నట్టు తెలుస్తోంది.

"నాయినా, అమ్మ జెప్తుంది విను. గంధరాజం కొమ్మ కొసకు పూస్తదంట, నడుమ కణుపు కాడ పుయ్యదంట. ఇంకోటి, తెల్ల దారం గాకుండ పచ్చ దారం కట్టాల్సుండెనంట. ఫోటో పెద్దగ చేస్తె ముడి కనవడుతుంది."

మానస నవ్వు ఆపుకుంటూ అంది, "ముడి మంచిగనే ఏసినవంట."

విజయమ్మ నవ్విందా అని అడగాలనిపించింది. అడగలేదు.

జూన్ 11, బుధవారం

వాన. మొదటి పెద్ద వాన. ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె, బిందె, తట్ట, చివరికి బాప్తిస్మం బట్టలు తడిపే తొట్టి కూడా బయట పెట్టాను. నోవహు ఓడలోకి ఎక్కించింది ఇన్ని రకాలు కావు. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు. వాననీళ్ల చాయ్ గిన్నెకు గార కట్టలేదు.

జూన్ 22, ఆదివారం

కూడిక అయ్యాక తిరుపతమ్మ ఇంటి వెనకకు వచ్చింది. ఆమె ఎన్నడూ అటు రాదు. డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగింది. కొమ్మ చివర మూడు మొగ్గలున్నాయి, వడ్లగింజంత. దాచడానికి ఏమీ అడ్డం లేదు.

"ఇది గ్రంథంలో చెప్పిన సుగంధ వృక్షాల జాతి తిరుపతమ్మా. సంఘానికి బోధించడానికి నమూనాగా..."

"గంధరాజం గద అయ్యగారు. విజయమ్మక్కది."

"అదే."

ఆమె వంగి మొగ్గ దగ్గర మొహం పెట్టింది. ఇంకా వాసనేమీ ఉండదు. అయినా చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఎవరైనా చూస్తున్నారా అని వెనక్కి తిరిగి చూసి మెల్లగా అంది.

"పూస్తె నాకొకటి ఇస్తరా అయ్యగారు? తలల పెట్టుకోను. ఒట్టు. దిండు కింద పెట్టుకుంట. పువ్వు ముట్టక పదకొండేండ్లయింది."

ఆమె "ఆమేన్" అన్నది పదకొండేళ్లుగా నా ప్రసంగాలకు. ఆ పదకొండేళ్లూ నాకు ఒక్కసారిగా వినిపించాయి.

"ఇస్త" అన్నాను. నేను సంఘంలో పుస్తక భాష మాట్లాడతాను. అది మరిచిపోయాను.

జూలై 1

ఒక మొగ్గ రాలింది.

జూలై 3

రెండోది కూడా. చూసుకోవడానికి వీలుగా ఉంటుందని పోయిన వారం డ్రమ్మును మంచం పక్కకు జరిపాను. శ్రవణ్‌కు ఫోన్ చేస్తే తిట్టాడు. "మొగ్గ మీదున్నప్పుడు కదుపుతరా కాక? దాని జాగ దానికి అలవాటుంటది. కదిపితె అలుగుతది." డ్రమ్మును మళ్లీ మొదటి చోట పెట్టాను. ఇక మిగిలింది ఒక్కటి.

జూలై 5, శనివారం

విజయమ్మే ఫోన్ చేసింది. ఐదు నెలల్లో మొదటిసారి. గొంతు వినగానే లేచి నిలబడ్డాను.

"ఒక మొగ్గ ఉన్నదంట" అంది.

"ఉంది. లావైంది. వారంలో పూస్తది."

"మట్టి మొత్తం మార్చినవంట."

"మార్చిన. మార్చాలె గద."

"ఎందుకు మార్చాలె? మంచిగనే ఉండె గద మట్టి. ఏమాయె దానికి?"

"హలో" అన్నాను.

"వినవడుతుంది, చెప్పు."

"హలో. సిగ్నల్ లేదు."

పెట్టేశాను. పెట్టేశాక ఫోను చూసుకుంటే నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి.

జూలై 8

చీమలు లేవు. ఆ చెట్టుకు ఎన్నడూ చీమలు పట్టలేదు.

జూలై 9, బుధవారం

మాసయ్యా, రాయి. ఇది ఎవరూ చదవరు. ఎవరూ చదవని చోట కూడా ఐదు నెలలు అబద్ధం రాసినవాడివి.

ఆ రోజు పువ్వు పుస్తకంలోంచి రాలినప్పుడు నాకు మొదట కోపం రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పూణె గుర్తొచ్చింది. బంగళాలో గిన్నెలు తోమే పిల్ల విజయమ్మ జడలో ఈ పువ్వే ఉండేది. ఆ వాసనను పట్టుకునే నేను ఆమె వెంట తిరిగాను. పని మానేసి ఊరికి వచ్చేటప్పుడు తోటమాలిని అడిగి ఆమె ఒక కొమ్మ తెచ్చుకుంది, తడిబట్టలో చుట్టుకుని. గద్వాలలో దిగేదాకా ప్రతి స్టేషనులో కిందికి దిగి ఆ బట్ట తడిపింది నేనే.

ఇది గుర్తొచ్చాకే కోపం వచ్చింది. నేను మానేసింది ఆమె మానలేదని. ఇరవై రెండేళ్లు నాకు తెలియకుండా దాచుకుందని. ఆమె దాచుకున్నది మా ఇద్దరిదీ అని అప్పుడు తట్టలేదు.

మిగిలిన సున్నం కొంచెం కాదు. బకెట్ నిండా ఉంది. విజయమ్మ జాలారు దగ్గర గిన్నెలు తోముతోంది. ఆమె కళ్ల ముందే కుమ్మరించాను. ఆమె చెయ్యి ఆగింది. ఏమీ అడగలేదు. అడగకముందే నేను "చీమలకు" అన్నాను. ఆమె మళ్లీ గిన్నె తోమడం మొదలుపెట్టింది. పువ్వును జేబులో వేసుకుని మందిరానికి వెళ్లాను. సున్నం కొట్టిన గోడల మధ్య నిలబడి ఆదివారం ప్రసంగం తయారు చేసుకున్నాను.

ఆమె ఎదురుచూస్తున్నది మొగ్గ కోసం కాదు. ఫోనులో మట్టికేమైందని అడిగింది అందుకే. సంతలో నలుగురి ముందు మైకు పట్టుకుని ఎవరి పాపాన్నయినా పేరుతో పిలవగలను. ఇంట్లో నాలుగు మాటలు ఆడలేక సిగ్నల్ మీద పెట్టాను.

జూలై 11

మొగ్గ కొస తెల్లబడింది.

జూలై 13, ఆదివారం

విచ్చింది.

తలుపు తీయగానే వాసన ఎదురొచ్చింది. కొమ్మ చివర, ఉండవలసిన చోటే, దారం లేకుండా. పాలలా తెల్లగా ఉంది. ఈ పువ్వు తెలుపు ఒక్క రోజే. రేపటికి పసుపు తిరుగుతుంది, ఎల్లుండికి చింతపండు రంగు.

ఫోన్ చేస్తే చాలు. పూసింది అంటే ఆమె వస్తుంది, మాట మీద నిలబడే మనిషి. సాయంత్రానికి పొయ్యి వెలుగుతుంది. సున్నం మాట ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తదు. జాలారు దగ్గర చెయ్యి ఆగినప్పుడు ఎలా ఊరుకుందో అలాగే ఊరుకుంటుంది. ఇంకో ఇరవై రెండేళ్లు నేను మైకులో అరుస్తూ బతికేయవచ్చు.

కోసుకుని వెళ్దామని కత్తెర కూడా తెచ్చాను. వద్దు. పువ్వు చేతిలో ఉంటే నా బదులు అదే మాట్లాడుతుంది. చెట్టుకే ఉండనీ. ఖాళీ చేతులతో వెళ్లి, మానస గుమ్మంలోనే, చెప్పులు విడవకముందే చెప్పాలి. చీమలకు కాదు, కోపంతో పోసిన, నీ మీది కోపంతో అని. ఆ తర్వాత వస్తే వస్తుంది, తిడితే తిడుతుంది. వస్తే మాత్రం ఇది తెల్లగా ఉండగానే చూడాలి. తలలో పెట్టుకుంటుందో పుస్తకంలో పెట్టుకుంటుందో ఆమె ఇష్టం. ఇంకో మొగ్గ వేస్తే తిరుపతమ్మ దిండు కిందికి.

కూడిక పదింటికి. వనపర్తి బస్సు తొమ్మిదిన్నరకు. తిరుపతమ్మను పిలిచి మైకు చేతికిచ్చాను.

"నాకిస్తున్నరేంది అయ్యగారు? మీరు యాడికి?"

"బిజినేపల్లి."

"వాక్యమెవరు చెప్తరు?"

"మీరే పాటలు పాడుకోండి. నేను వేరే చోట చెప్పాల్సి ఉంది. ఒక్క మనిషికే."

ఆమె ఒకసారి పువ్వు వైపు, ఒకసారి నా వైపు చూసి, "మరి నిలబడ్డరేంది, బస్సు వచ్చే యాళ్లాయె" అంది.

తొమ్మిది దాటి పన్నెండు నిమిషాలైంది. ఇంకా రాస్తూ కూర్చున్నావేంది మాసయ్యా? రేపు చెప్తానంటే రేపటికి ఇది పసుపు. కలం పక్కన పెట్టు. చొక్కా మార్చుకోకపోయినా పర్వాలేదు. లే. బస్సు దొరక్కపోతే నడుస్తూ వెళ్లు, ఏ బండి కనిపించినా చెయ్యెత్తు. కానీ ఇవాళే, ఇప్పుడే వెళ్లు.